ఆగని రోడ్డు

మా నగరంలో ఒక పెద్ద రోడ్డు ఉంది. పేరు కూడా పెద్ద రోడ్డే. మొన్నమొన్నటి దాకా అది అన్ని రోడ్ల లాంటిదే. దాని మీద మనుషులు నడిచేవారు, దాటేవారు, నడిమధ్యలో తెలిసినవాళ్లు ఎదురైతే నిలబడి పిల్లల పెళ్లిళ్ల సంగతి అడిగేవారు. వెనక వాళ్లు హారన్ కొడితే, "పోతం గదవయ్యా, నీ పెండ్లేమన్న ఆగిందా?" అని కసిరేవారు. ఇంత అనాగరికంగా మేం తాతల కాలం నుంచి బతుకుతున్నామని మాకు తెలియదు. తెలియజెప్పడానికి పినాకపాణి గారు రావలసి వచ్చింది.

పినాకపాణి గారు నిరంతర గమన సంస్థకు ముఖ్య గమనాధికారి. ఆయన ఒకసారి పై దేశం వెళితే, విమానాశ్రయం నుంచి హోటల్ దాకా ఆయన కారు ఎక్కడా ఆగలేదట. హోటల్ మెట్ల మీదే ఆయనకు జ్ఞానోదయమైంది. మన దేశం ఎందుకు ముందుకు పోవడం లేదు? సిగ్నళ్ల దగ్గర ఆగుతోంది కనక.

"ఆగడం అనేది ట్రాఫిక్ సమస్య కాదండీ. అదొక మానసిక స్థితి. పౌరుల్లో ఆ స్థితిని సమూలంగా నిర్మూలించడమే ఈ ప్రాజెక్టు పరమ లక్ష్యం" అని ఆయన మొదటి సభలోనే ప్రకటించారు. ఈ మాటలు నాకు కంఠతా రావడానికి కారణం, వాటిని ఫ్లెక్సీ మీద అచ్చు వేసింది నేనే. సున్నపుబట్టి బస్తీలో, పెద్ద రోడ్డు పక్కనే నా దుకాణం. "ఆగని రోడ్డు, అలుపెరగని నగరం" అన్న ఫ్లెక్సీ నగరమంతా వేలాడింది కదా, అదీ నాదే.

పెద్ద రోడ్డు మా సున్నపుబట్టి దాటి గోధుమల మండిలో దూరుతుంది. అక్కడ మామూలుగా మాట్లాడేవాడిని మూగవాడి కింద జమకడతారు. అది దాటితే కోటగుమ్మం. అక్కడ పాన్ డబ్బా వాడి తాత కూడా ఏదో ఒక నవాబుకు మేనల్లుడే. తర్వాత జామబండ. అక్కడ జామచెట్టూ లేదు, బండా లేదు, కానీ ఉండేవని నమ్మకపోతే కొడతారు. ఆ పైన డాక్టర్స్ కాలనీ, అక్కడ కుక్కలకు కూడా అపాయింట్‌మెంట్ ఉంటుంది. చివరన తాళ్లపొలిమేర, ఊరు అయిపోయి ప్లాట్లు మొదలయ్యే చోటు. ఇన్ని బస్తీల జనం ఒకరితో ఒకరికి పొసగకపోయినా ఒకే రోడ్డు మీద పడి బతికేవారు. రోడ్డుకు ఇటూ అటూ ఉన్నవాళ్లు వియ్యమందేవారు, అప్పులిచ్చుకునేవారు, కొట్టుకునేవారు. దేనికైనా రోడ్డు దాటితే చాలు.

సిగ్నళ్లన్నీ పీకేసి, రోడ్డు నడుమ సందు లేకుండా డివైడర్ కట్టి, దాని మీద నిలువెత్తు ఇనుప జాలీ బిగించారు. ఎదుటి వైపు పోవాలంటే గోధుమల మండి దాకా పోయి యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. "కాసింత చుట్టు తిరుగుడే కదా" అనుకున్నాం. మా తప్పల్లా ఆ "కాసింత" దగ్గరే ఉంది.

నగరంలో రోడ్డు దాటవలసిన వాళ్లంతా ఒక్క చోట మలుపు తిరగడంతో మండిలో లారీలు, ఆటోలు, పెళ్లి కార్లు కలిసి ముద్దయ్యాయి. పినాకపాణి గారు స్వయంగా వచ్చి పరిశీలించారు.

"రహదారి అంతా నిరాటంకంగా ఉంది. ఈ ఒక్క బిందువు దగ్గరే గమనం కుంటుపడుతోంది. ఈ బిందువులో ఉన్నదేమిటి? యూటర్న్. అంటే జామ్‌కు మూలకారణం యూటర్న్. కాబట్టి తక్షణం దీన్ని ఇక్కడి నుంచి తరలించాలి" అని తేల్చారు. చుట్టూ ఉన్న ఇంజనీర్లు ఆ తర్కానికి ముగ్ధులై తలలు ఊపారు.

యూటర్న్ కోటగుమ్మం పోయింది. దానితో పాటు జామ్ కూడా పోయింది, పెంపుడు కుక్కలా వెనకే. అక్కడి నుంచి జామబండకు తరిమారు. జామబండ నుంచి డాక్టర్స్ కాలనీకి పోయింది కానీ, కాలనీ సంఘం వాళ్లు ఇంగ్లీషులో ఫిర్యాదు రాసేసరికి అక్కడ వారం కూడా నిలవలేదు. చివరికి తాళ్లపొలిమేరలో స్థిరపడింది. అక్కడ ఫిర్యాదు చేయడానికి ప్లాట్ల రాళ్లు తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు మా ఎదురింటికి పోవాలంటే పధ్నాలుగు కిలోమీటర్లు అటు, పధ్నాలుగు ఇటు. తిరిగి ఇంటికి రావాలంటే రెండో కొసన, రైల్వే గేటు దగ్గర మలుపు. పినాకపాణి గారికి ఆ ఏడాది దేశంలోకెల్లా ఉత్తమ గమనాధికారిగా బంగారు చక్రం ఇచ్చారు.

తర్వాత ఆయన దృష్టి బస్టాపుల మీద పడింది. "బస్టాప్ అనే పేరులోనే ఆగమనే దుష్ప్రేరణ ఉంది" అన్నారు. వాటిని మందగమన బిందువులుగా మార్చారు. అంటే అక్కడ బస్సు ఆగదు, మెల్లగా పోతుంది. ఎక్కదలచినవాళ్లు పరిగెత్తాలి, దిగదలచినవాళ్లు దూకాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏం చేయాలని ఒక ముసలాయన అడిగితే, "మీలాంటి వారికి ఈ పథకం వ్యాయామ రూపంలో అదనపు ప్రయోజనం చేకూరుస్తుంది" అని జవాబొచ్చింది.

నా దుకాణం పక్కనే గట్టయ్య కాక ఇస్త్రీ బండి. డెబ్బై దాటిన మనిషి. ఆయన గిరాకీ అంతా ఎదుటి వైపు అపార్ట్‌మెంట్లలోనే. డివైడర్ కట్టిన కొత్తలో ఆయన పొద్దున లేచి ఆ జాలీ వంక చూసేవాడు.

"మొగిలీ, ఈ కంచె ఎన్నొద్దులుంటదిరా?" అని నన్నడిగాడు.

"ఇది ఆగని రోడ్డు కాకా. ఇగ గంతే."

"రోడ్డు యాడికి పోతదిరా? అది ఈడ్నే ఉన్నది గద. మనల్నే పోనిస్త లేరు."

మాటలతో పని కాదని ఆయన చేతులతో మొదలుపెట్టాడు. ఇస్త్రీ చేసిన బట్టల్ని గట్టిగా మూట కట్టి, జాలీ మీదుగా ఎదుటి వైపుకు విసిరేవాడు. అక్కడ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పట్టుకునేవాడు. మడత నలిగేది కాదు. ఆ విద్య చూడటానికి మా బస్తీ వాళ్లం పొద్దున్నే టీ గ్లాసులతో నిలబడేవాళ్లం. ఒకరోజు గమన సంస్థ జీపు ఒకటి మా ముందు నుంచి పోతూ, ఆగకూడదు కాబట్టి ఆగకుండానే, ఒక కాగితం గట్టయ్య కాక మొహాన విసిరి వెళ్లిపోయింది. గగన మార్గాన అనధికార వస్త్ర రవాణా చేస్తున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

కాక దానికి పెద్దగా చలించలేదు. గిరాకీ పోతే పోయిందన్నాడు. ఆయన గుబులంతా వేరే ఉంది. మా బస్తీ ఇటు పక్క, మా బస్తీ బొందలగడ్డ అటు పక్క. ఆయన అమ్మా నాయినా ఆ గడ్డలోనే పడుకుని ఉన్నారు. వాళ్ల పక్కన తనకు ఒక జాగా అని ఆయన ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు. బండి దగ్గర నిలబడితే జాలీ కంతల్లోంచి ఆ జాగా కనిపించేది.

"బతికుండంగ దాటనియ్యకుంటే మానె. సచ్చినంకనన్న నలుగురి భుజాల మీద సక్కగ దాటి మా నాయిన పక్కకు పోవాలెరా. గది ఒక్కటి అడుగుదాం పా" అన్నాడు.

అలా మేం, కాక భార్య ఈదమ్మ చిన్నమ్మతో సహా, పినాకపాణి గారి ఫిర్యాదుల దినానికి వెళ్లాం. ఆయన మర్యాదస్తుడు. కుర్చీలు వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు.

"మీ బస్తీకి ప్రసూతి ఆస్పత్రి ఏ పార్శ్వంలో ఉంది?" అని అడిగారు.

"మా దిక్కే సారూ" అన్నాడు కాక.

"శ్మశానం?"

"అవుతలి దిక్కు. గదే మా బాధ."

పినాకపాణి గారి మొహం వెలిగిపోయింది. పక్కనున్న ఇంజనీరు వైపు తిరిగి, "నోట్ చేసుకోండి. రహదారి తనంతట తానే నగరాన్ని శాస్త్రీయంగా వర్గీకరించింది! ఎడమ పార్శ్వం జననానికి, కుడి పార్శ్వం మరణానికి. జీవితం కూడా వన్‌వేనే కదా!" అన్నారు. తర్వాత కాకతో, "మీరు చేయవలసిందల్లా సకాలంలో పార్శ్వం మారడం. మరణం ముందుగా ఊహించదగిన సంఘటన. డెబ్బై దాటిన పౌరులు ఎదుటి వైపు ఇల్లు అద్దెకు తీసుకుని, అక్కడ నివసిస్తూ, నిర్ణీత సమయంలో స్వర్గస్థులు కావచ్చు" అన్నారు.

"సచ్చెటందుకు ఇల్లు కిరాయికి తీస్కోవాల్నా సారూ? ఇంటోడు 'ఎన్నొద్దులుంటవు తాతా' అని అడిగితె ఏం జెప్పాలె?"

"అది మీకూ ఇంటి యజమానికీ మధ్య పరస్పర అవగాహనకు సంబంధించిన విషయం. సంస్థ జోక్యం చేసుకోదు."

ఈదమ్మ చిన్నమ్మ లేచింది. "సారూ, నలుగురు మనుషులు పాడె మోస్కొని అడ్డం దాటితె ఎంతసేపు పడ్తది? గంతసేపు గా కంచెల ఒక తలుపు పెట్టరాదా?"

"అమ్మా, పాడె మోసేవారు ఎలా వస్తారు? నడిచి వస్తారు. నడిచేవారిని పాదచారులంటారు. పాదచారి అనే వర్గం ఈ రహదారి డిజైన్‌లోనే లేదు. లేని వర్గానికి తలుపు ఎక్కడ పెట్టమంటారు?" అని ఆయన జాలిగా చెప్పారు. నిజంగానే జాలిపడ్డారు. మా అజ్ఞానం మీద.

వానలు పడే ముందర, ఒక మంచి ఎండపూట, కాక చొక్కా మీద ఇస్త్రీ పెట్టె పెట్టి ఉండగానే కూలిపోయాడు. నేను పరిగెత్తేసరికే ప్రాణం లేదు. చొక్కా కాలుతున్న వాసన వస్తోంది. జీవితంలో ఆయన కాల్చిన చొక్కా అదొక్కటే. మొహం ఎదుటి వైపే ఉంది. నాకు ఏడుపొచ్చింది, పినాకపాణి గారి మీద చెప్పలేనంత కోపమూ వచ్చింది. ఆయనకు ఫ్లెక్సీలు వేసినందుకు నా మీద నాకూ వచ్చింది కానీ, అది తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

కాకకు కొడుకులు లేరు. తమ్ముని కొడుకు సాయిలు కుండ పట్టుకున్నాడు. పాడె కట్టి, భుజాల మీదికి ఎత్తేసరికి ట్రాఫిక్ ఎస్సై వచ్చాడు.

"నడ్సుకుంట పోవుడు లేదన్నా. ఈ రోడ్డు మీద నలభై స్పీడుకు తక్కువ ఉండొద్దు. బండి మాట్లాడుకోండ్రి" అన్నాడు. పాపం, ఆయనకు కూడా అది చెప్పడం ఇష్టం లేనట్టు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వైకుంఠ రథం మాట్లాడాం. పాడె అందులో ఎక్కించాం. డప్పులవాళ్లు ముందు ఆటోలో కూర్చున్నారు. నలభై స్పీడుతో కాక అంతిమయాత్ర బయలుదేరింది. ఒక బస్తీలో కొట్టిన దెబ్బ అక్కడివాళ్లకు వినిపించేలోగా మేం తర్వాతి బస్తీలో ఉన్నాం. గోధుమల మండిలో సేట్లు దండం పెట్టడానికి చేతులెత్తారు కానీ, ఆ దండాలు మా వెనక వస్తున్న కోళ్ల వ్యానుకు అందాయి. కోటగుమ్మంలో ఒక ముసలి సాయిబు పూలు విసిరితే ఒక స్కూటర్ అతని మీద పడ్డాయి. అతను కంగారుపడి రెండు చేతులూ వదిలేశాడు. డాక్టర్స్ కాలనీలో డప్పులు మోగకూడదని బోర్డు ఉంది, అందుకని అక్కడ కాక నిశ్శబ్దంగా నలభై స్పీడుతో పోయాడు.

ఇక దింపుడు కల్లం సంగతి వచ్చింది. శవాన్ని తీసుకుపోతూ, ఇంటికీ బొందలగడ్డకూ సరిగ్గా నడుమ పాడె కిందికి దింపి, చెవిలో మూడుసార్లు పిలుస్తాం. ఎక్కడైనా కొస ప్రాణం ఉంటే పలుకుతాడేమోనని. మా పెద్దల కాలంలో డాక్టర్లు తక్కువ, ఆశ ఎక్కువ. కానీ నడుమ అంటే ఏది? ఉన్న దూరం లెక్కన నడుమ అంటే మా ఇంటి ముందున్న డివైడరే. గమన సంస్థ లెక్కన చూస్తే తాళ్లపొలిమేర యూటర్న్.

తాళ్లపొలిమేర ఇప్పుడు పాత తాళ్లపొలిమేర కాదు. నగరంలో ఎదురింటికి పోవలసిన వాళ్లంతా అక్కడ పూటలకు పూటలు ఆగి ఉంటారు కదా. మండి సేట్లు అక్కడే గోనె సంచులు దింపి బేరాలు పెట్టారు. కోటగుమ్మం వాళ్ల హలీం బట్టీ వచ్చింది. ఎదురెదురు ఇళ్ల ఆడవాళ్లు అక్కడే కలుసుకుని పచ్చళ్లు మార్చుకుంటున్నారు. నగరం అంతా ఒక మలుపు దగ్గరికి వచ్చి ఆగింది. కానీ సగటు వేగం లెక్కల్లో అది చేరదు. "యూటర్న్ రహదారిలో భాగం కాదు, రహదారికి ముగింపు మాత్రమే" అని పినాకపాణి గారు ఎప్పుడో ఉత్తర్వు ఇచ్చారు.

మా బండి ఆ ముద్దలో ఇరుక్కుంది. పొద్దు వాలుతోంది. పొద్దుగూకితే మన్ను చేయరు. తెల్లవార్లూ కాకను ఎక్కడ పెట్టుకోవాలి? కదిలే దారి లేక, ఇసుక లారీకీ స్కూలు వ్యానుకూ మధ్యన పాడె దింపాం.

సాయిలు వంగి, "పెద్దబాపూ, పెద్దబాపూ, పెద్దబాపూ" అని పిలిచాడు. జవాబు లేదు.

అప్పుడు ఈదమ్మ చిన్నమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, ఆయన చెవి దగ్గర కూర్చుంది. పెళ్లైన నాటి నుంచి ఆమె మొగుడి పేరు ఎత్తి ఎరగదు. "ఇగో", "నిన్నే", "మొగిలీ, మీ కాకను పిలువు", ఇంతే. ఆ రోజు ఊరంతా వినేలా పిలిచింది.

"గట్టయ్యా! ఓ గట్టయ్యా! నేను పిలుస్తున్న, ఒక్కసారి పలుకు గట్టయ్యా!"

హారన్లు ఆగిపోయాయి. ఎవరు చెప్పారో తెలియదు, ముందు లారీ డ్రైవర్ ఇంజన్ ఆపి కిందికి దిగాడు. తర్వాత అందరూ దిగారు. హలీం బట్టీ వాడు గరిటె కింద పెట్టాడు. కాక మాత్రం పలకలేదు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లేచింది. "ఎంత మొండి మనిషివయ్యా" అని మాత్రం అంది. ఆ తర్వాత జనమే బండ్లను పక్కకు నెట్టి, ఎత్తవలసినవి ఎత్తి, మాకు దారి చేశారు. పొద్దు గుంకే వేళకు కాక తన నాయిన పక్కకు చేరాడు.

ఆ సమయానికి పినాకపాణి గారు అక్కడే ఉన్నారు. యూటర్న్‌ను పక్క జిల్లాకు తరలించే వీలుందా అని పరిశీలించడానికి వచ్చి, మూడు గంటలుగా కారులో చిక్కుకుపోయారు. శవాన్ని చూసి జనం తమంతట తాము ఆగి దారి ఇవ్వడం ఆయన కళ్లారా చూశారు. కళ్లు చెమర్చాయని కూడా అంటారు. అధికారులకు కళ్లు చెమరిస్తే ఒక ఉత్తర్వు పుట్టక తప్పదు.

వారం తిరక్కుండా మా దుకాణాల ఎదుట డివైడర్ జాలీకి ఒక తలుపు పెట్టారు. రెండు వైపులా వాహనాలు "గౌరవ మందగమనం" పాటించాలి. తలుపు తీయడానికి ఒక గమన ఇన్‌స్పెక్టర్‌ను నియమించారు. నియమం ఒక్కటే: పాడె మీద, నలుగురు మోస్తూ ఉన్న పార్థివ దేహానికి మాత్రమే ప్రవేశం. పినాకపాణి గారు రిబ్బన్ కత్తిరించారు. "మీ చివరి ప్రయాణం, మా తొలి ప్రాధాన్యం" అన్న ఫ్లెక్సీ వేయమని నాకే చెప్పారు. వేయనని చెప్పి పంపాను. ఇంకెవరో వేశారు. అక్షరాలు వంకర పోయాయి.

పాడెకు దారి ఉందని తెలిశాక బతికినవాడు ఎంతకాలం ఊరుకుంటాడు? ముందుగా మా బస్తీ మేస్త్రీ ఒకాయన ఎదుటి వైపు బ్యాంకులో పని పడి, పాడె మీద వెల్లకిలా పడుకుని తెల్లగుడ్డ కప్పుకుని దాటాడు. వాహనాలన్నీ ఆగాయి. ఒకాయన కారు దిగి దండం కూడా పెట్టాడు. మర్నాటికి నా దుకాణం ముందు ఆటో స్టాండులా పాడె స్టాండు వెలిసింది. పరీక్ష ఉన్న పిల్లలు ఒక్కో పాడె మీద ఇద్దరు చొప్పున దాటారు. గోధుమల మండి పెళ్లికొడుకు ఒకడు బాసికంతో సహా పాడె ఎక్కితే, వాళ్లమ్మ గుండెలు బాదుకుంది. కానీ ముహూర్తం దాటిపోతోందని పురోహితుడే కాళ్ల వైపు పట్టాడు. ఇటు వచ్చేవాళ్లకు అటు పక్కనా ఒక స్టాండు పడింది. మోసిన నలుగురు అటు పోయి, తిరిగి రావాలంటే వాళ్లలో ఒకడు పడుకోవాలి, మిగిలిన ముగ్గురికి ఇంకొకడు దొరకాలి. దానికీ వంతులు వేసుకున్నారు.

సున్నపుబట్టి బస్తీలో రోజుకు వందలమంది చనిపోతున్నారని ఆరోగ్య శాఖ కంగారుపడి ఒక వైద్య బృందాన్ని పంపింది. మా రోడ్డు మీద ఆగకూడదు కాబట్టి వాళ్లు బండిలోంచే మందు బిళ్లలు విసిరి వెళ్లారు.

పినాకపాణి గారు మోసాన్ని పసిగట్టారు. అయితే ఆయన తలుపు మూయలేదు. తలుపు మూస్తే తెరిచింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. "మన ప్రాచీన సంప్రదాయంలోనే మరణ నిర్ధారణకు అత్యంత శాస్త్రీయమైన విధానం ఉంది. దానిని మేం యథాతథంగా స్వీకరిస్తున్నాం" అని ప్రకటించారు. ఇక మీదట ప్రతి పాడెనూ డివైడర్ దగ్గర కిందికి దింపాలి. గమన ఇన్‌స్పెక్టర్ పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పలకకపోతే తలుపు తీస్తాడు. పలికితే బతికున్నట్టు నిర్ధారించి, వచ్చిన వైపుకే వెనక్కి పంపిస్తాడు.

దాంతో మా బస్తీలో పలకకుండా ఉండటం నేర్చుకున్నారు. తల్లులు పిల్లలకు ఇంట్లో పిలిచి పిలిచి అలవాటు చేశారు. వాళ్లు ఆ తర్వాత అన్నానికి పిలిచినా పలకడం మానేశారు, అది వేరే గొడవ. తిరిగి ఇంటికి వస్తున్న కోటగుమ్మం నవాబు వంశీకుడు ఒకాయన, ఇన్‌స్పెక్టర్ ఉత్త పేరుతో పిలిచేసరికి తట్టుకోలేక, "సాబ్ ఎక్కడ పోయింది బే?" అని లేచి కూర్చున్నాడు. ఆయన్ను వెనక్కి పంపేశారు.

కాక నెల మాసికం వచ్చింది. మూడొద్దులకూ దినాలకూ అందరం రెండు బండ్లలో చుట్టు తిరిగి పోయాం. ఈసారి చిన్నమ్మకు ఒంట్లో బాగాలేదు. అంత ఉక్కలో యూటర్న్ దగ్గర పూటంతా కూర్చోలేదు. కాకకు ఇష్టమని బోటికూర వండి, జొన్నరొట్టెలు చేసి, విస్తరిలో కట్టి పెట్టుకుంది. చల్లారక ముందే ఆయన దగ్గర పెట్టాలని ఆమె తాపత్రయం.

"పాడెక్కు చిన్నమ్మా. ఇట్ల పోయి అట్ల వద్దాం" అన్నాను.

"తూ, నీ నోట్లె మన్నువడ. బతికుండంగ పాడెక్కుతరురా?"

"ఊరంతా ఎక్కుతున్నరు గద."

చాలాసేపు జాలీ వంక చూసింది. తర్వాత వచ్చి పాడె మీద పడుకుంది. విస్తరి పొట్ట మీద పెట్టుకుని, "నిండ గప్పు, కూర వాసన బయటికి రావొద్దు" అంది. సాయిలూ నేనూ ముందు, ఇంకో ఇద్దరు వెనక. ఆమె బరువే లేదు. మా కోసం వాహనాలు మెల్లబడ్డాయి.

డివైడర్ దగ్గర దింపాం. ఇన్‌స్పెక్టర్ కుర్రవాడే. మొహం మీది గుడ్డ తీసి, కాగితం చూసుకుని పిలిచాడు.

"ఈదమ్మా."

చిన్నమ్మ ఎవరు పిలిచినా పలికే మనిషి. వీధిలో కుక్క మొరిగినా, "ఏందే?" అంటుంది.

"ఈదమ్మా."

ఆమె కనురెప్పలు అదిరాయి. పెదవులు బిగబట్టింది.

"ఓ ఈదమ్మా!"

మూసిన కళ్లలోంచి నీళ్లు రెండు పక్కలా చెవుల్లోకి కారాయి. ఇన్‌స్పెక్టర్ చూశాడు. చూసి, కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "నియమాల్లో పలకడం గురించే ఉంది, ఏడవడం గురించి లేదు" అని తనలో తాను గొణుక్కుని తలుపు తీశాడు.

బొందలగడ్డలో దింపితే లేచి కూర్చుంది. కాక మట్టి కుప్ప మీద చెయ్యి వేసి రాళ్లు ఏరింది. విస్తరి విప్పి పెట్టింది. కూర ఇంకా వెచ్చగానే ఉంది.

"గట్ల ఏడ్సినవేంది చిన్నమ్మా? భయమైందా?" అని అడిగాను.

"భయమెందుకురా" అంది, రొట్టె తుంచి కూరలో అద్దుతూ. "గా దినం గంతగనం పేరు వెట్టి మొత్తుకుంటె ఒక్క మాట పలుకలేదని నెల దినాల సంది ఈయన మీద కోపంగున్న. ఇప్పుడు సమజైంది. పలికితె ఎన్కకు పంపుతరని ఊకున్నడు."